గిలక్కాయ, దోబూచి, చప్పట్లు

కిందటి వేసవిలో అమెరికా నుంచి మా మేనకోడలు అయిదు నెలల పాపతో వచ్చింది. వచ్చిన మర్నాడే మా అమ్మ పక్కన చేరి, "అమ్మమ్మా, ఈ వయసు పిల్లల్ని ఇంట్లో ఎలా ఆడించాలి? రోజుకి ఎంతసేపు?" అని అడిగింది. ఆమె చేతిలో ఒక అట్టల పెట్టె. ఒక్కొక్క అట్ట మీద ఒక్కొక్క ఆట, దానికి పట్టే నిమిషాలు, దానివల్ల కలిగే ప్రయోజనమూ అచ్చువేసి ఉన్నాయి. మా అమ్మ తెల్లబోయింది. అయిదుగురు బిడ్డలనూ, ఆపైన వాళ్ళ బిడ్డలనూ సాకిన మనిషికి అది ఒకరిని అడిగి తెలుసుకోదగిన విషయమని ఏనాడూ తోచినట్లు లేదు. "ఆడించడానికి లెక్కేమిటే? పిల్ల మేలుకుని ఉంటే మనం ఊరుకుంటామా?" అంది.

ఆ ప్రశ్నా తప్పు కాదు, ఈ జవాబూ తప్పు కాదు. రెంటికీ నడుమ ఉన్న దూరం ఎంతటిదో చూద్దామని పుస్తకాలు తిరగేయగా పోగైన సంగతులివి.

పసిపిల్లల ఆటల చరిత్ర రాయడంలో మొదటి చిక్కు, దానికి శాసనాలు లేకపోవడం. గెలిచిన యుద్ధాలను రాళ్ళమీద చెక్కించారు గాని, బిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తూ పలికిన పలుకులను ఎవరూ చెక్కించలేదు. గుడ్డబొమ్మ చివికిపోతుంది, తాటాకు గిలక ఎండి విరిగిపోతుంది, చప్పట్లు గాలిలో కలిసిపోతాయి. మిగిలేది మట్టి ఒక్కటే. హరప్పా, మొహెంజొదారో తవ్వకాలలో లోపల బోలుగా ఉండి, చిన్న చిన్న మట్టి గుళికలు వేసి కాల్చిన గుండ్రని గిలక్కాయలు దొరికాయి. వాటి వయసు సుమారు నాలుగున్నర వేల ఏళ్ళు. ఆ నగరాల లిపి ఈనాటికీ మనకు పలకలేదు. వారి గిలక్కాయను మాత్రం ఏ తల్లికీ చదివి చెప్పనక్కరలేదు.

రాతలోకి వస్తే, గిలక్కాయను ప్రస్తావించిన మహానుభావులలో అరిస్టాటిల్ ఒకడు. 'పాలిటిక్స్' ఎనిమిదో భాగంలో ఆయన టారెంటమ్ నగరానికి చెందిన ఆర్కిటాస్ కల్పించిన గిలకను మెచ్చుకుంటాడు. పసివాళ్ళు ఒకచోట కుదురుగా ఉండలేరు గనుక అది వారి చేతికిస్తే ఇంట్లో సామాను బద్దలు కొట్టకుండా ఉంటారని ఆయన వివరణ. కాస్త ఎదిగిన పిల్లలకు చదువే గిలక్కాయ అని కూడా అంటాడు. చమత్కారం బాగానే ఉంది గాని, ఇందులో ఆయన దిగులంతా కుండల గురించే గాని బిడ్డ గురించి కాదేమోనని నా అనుమానం.

బిడ్డవైపు నుంచి ఆలోచించిన వాడు మన చరకుడు. చరకసంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో పురుడు, బాలింత, శిశుపోషణల సంగతులన్నీ చెబుతూ, ఆటవస్తువులు ఎలా ఉండాలో ఒక్క వాక్యంలో నిర్దేశించారు. అవి రంగురంగులుగా ఉండాలి, చప్పుడు చేయాలి, కంటికి ఇంపుగా ఉండాలి. బరువుండకూడదు, మొన తేలి ఉండకూడదు, నోట్లో దూరేటంత చిన్నవి కాకూడదు, ప్రాణాపాయం కలిగించకూడదు, భయపెట్టేవిగా ఉండకూడదు. అంతే. ఈ గ్రంథం నేటి రూపానికి వచ్చింది క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో అని పండితుల అంచనా. నోట్లో దూరకూడదనే ఆ ఒక్క నియమాన్ని అమెరికా ప్రభుత్వం చట్టంగా అమలులోకి తెచ్చింది 1980 జనవరిలో. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలో ఏ ముక్కయినా ఒకటింబావు అంగుళం వెడల్పు గల గొట్టంలో పూర్తిగా ఇమిడితే ఆ బొమ్మను అమ్మరాదు. మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది 2021 జనవరి 1 నుంచి. అన్నీ మన గ్రంథాలలోనే ఉన్నాయని రొమ్ము విరుచుకోవడం నాకు ఇష్టం లేదు. నన్ను ఆపింది మరొకటి. ఈ నియమాలు రాసినవాడెవరో, నోట్లో గింజ అడ్డుపడి ఊపిరాడక పోయిన బిడ్డను కళ్ళారా చూసి ఉండాలి. ఊహించి రాయగలిగిన మాట కాదది.

ఆ వెంటనే చరకసంహిత మరొక మాట అంటుంది: బిడ్డను భయపెట్టడం మంచిది కాదు. ఏడ్చినా, తినకపోయినా, మాట వినకపోయినా రాక్షసులు, పిశాచాలు, పూతన వంటి పేర్లు చెప్పి బెదిరించరాదు. అంటే ఆనాటి ఇళ్ళలోనూ బూచాడు ఉన్నాడన్నమాట! వైద్యుడు వద్దన్నాడు, ఇల్లు వినలేదు, బూచాడు నేటికీ క్షేమంగా ఉన్నాడు. సుశ్రుతసంహిత ఇంకొంచెం ముందుకు పోయి, నిద్రపోయే బిడ్డను ఉలిక్కిపడేలా లేపవద్దనీ, హఠాత్తుగా లాక్కోవద్దనీ, ఎగరేయవద్దనీ, వయసు రాకుండా కూర్చోబెట్టవద్దనీ హెచ్చరిస్తుంది. బిడ్డను గాలిలోకి ఎగరేసి పట్టుకునే మేనమామలు గమనించగలరు. (నేనూ ఆ జాతివాడినే.)

ఇదంతా వైద్యుల మాట. తల్లుల ఆటను తల్లుల గొంతుతోనే పట్టుకున్నది దక్షిణాన తమిళ భక్తికవిత్వం. తొమ్మిదో శతాబ్దానికి చెందిన వాడంటారు పెరియాళ్వారును. ఆయన తాను యశోదయై చిన్నికృష్ణుణ్ణి ఆడించాడు. బూచి చూపి భయపెట్టే ఆటకు 'అప్పూచ్చి' పేరుతో ఆయన తిరుమొళిలో ఒక దశకమే ఉంది. చరకుడు వద్దన్న బూచిని తల్లి ఆటగా మార్చుకుంది. మన దోబూచిలోనూ బూచి మాట వినబడుతూనే ఉంది కదా, కాకపోతే కొంగు తీస్తే అమ్మ ముఖం కనబడుతుంది. తరువాతి కాలంలో ఈ దారి 'పిళ్ళైత్తమిళ్' అనే ప్రక్రియగా స్థిరపడింది. కావ్యనాయకుణ్ణి పసిబిడ్డగా భావించి పది దశలలో పాడతారు. మూడో నెలలో రక్ష. అయిదో నెలలో చేతులూ మోకాలూ ఊని ముందుకూ వెనక్కూ ఊగే 'సెంగీరై'. ఏడో నెలలో 'తాల్', అంటే జోల. తొమ్మిదో నెలలో 'చప్పాణి', అంటే చప్పట్లు. ఏడాది దాటాక చందమామను ఆటకు పిలవడం. అయిదో నెల బిడ్డ ఊగుతుందనీ, తొమ్మిదో నెలకు చప్పట్లు కొడుతుందనీ ఆ కవులకు ఏ ప్రయోగశాలా చెప్పలేదు. మన తెలుగిళ్ళలో ఈ లెక్క కావ్యంగా కాక పిండివంటగా మారింది. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు పంచడం మనకు ఆనవాయితీ. జిహ్వకు సంబంధించినంతవరకు మనదే పైచేయి.

ఐరోపాలో ఈ ఇంటి ఆటను గౌరవించి పుస్తకానికెక్కించిన వాడు ఫ్రీడ్రిఖ్ ఫ్రోబెల్, కిండర్‌గార్టెన్ అనే మాటను లోకానికిచ్చిన జర్మన్ ఉపాధ్యాయుడు. ఆయనకు తొమ్మిది నెలలు నిండే నాటికే తల్లి పోయింది. తనను ఎత్తి ఆడించిన తల్లి జ్ఞాపకమే లేని ఆ మనిషి, అరవై దాటాక, తల్లులు ఒడిలో ఆడించే వేలి ఆటలను, పాటలను, బొమ్మలతో సహా 1844లో ప్రచురించాడు. ఆయన 'కానుకలు' అని పేరుపెట్టిన ఆటవస్తువులలో మొదటిది, దారం కట్టిన ఆరు రంగుల ఉన్ని బంతులు. తల్లి తెలియకుండానే చేసే పనిని తెలిసి చేయాలన్నది ఆయన పట్టుదల. ప్రష్యా ప్రభుత్వానికి ఈ ఉన్ని బంతులలో రాజద్రోహం కనిపించింది. అభ్యుదయ భావాలున్న ఆయన అన్నకొడుకు రచనలనూ ఈయన బోధననూ ఒకటిగా లెక్కగట్టి 1851లో కిండర్‌గార్టెన్లను నిషేధించింది. మరుసటి ఏడు ఫ్రోబెల్ కన్నుమూశాడు. నిషేధం తొలగింది 1860లో.

ఇరవయ్యో శతాబ్దంలో శాస్త్రజ్ఞులు వచ్చి దోబూచిని కొలిచారు. పియాజె తన ముగ్గురు పిల్లల ముందే వస్తువులు దాచి చూసి, సుమారు ఎనిమిది నెలల వరకు కనబడనిది వారికి లేనట్లేనన్నాడు. అంతకంటె చాలా ముందే వారికి ఆ ఎరుక ఉందని 1985లో రెనె బయార్జాన్, ఆమె సహచరులు అయిదు నెలల పిల్లలతోనే చూపించారు. జెరోమ్ బ్రూనర్ 1976లో, దోబూచి పసివాడు నేర్చే మొదటి నియమాలలో ఒకటనీ, వంతులవారీగా మాట్లాడడానికి అది తొలిమెట్టనీ వివరించాడు. ఇవన్నీ తెలుసుకోదగినవే గాని, నన్ను కదిలించినది వేరొక దేశం సంగతి.

జమైకాలో, కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో, 1980ల చివర సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు ఒక ప్రయోగం చేసింది. తొమ్మిది నుంచి ఇరవైనాలుగు నెలల లోపు వయసుండి, తిండి చాలక ఎత్తు ఎదగని 129 మంది పిల్లలను నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు పాలపొడితో కూడిన పోషకాహారం. ఒక జట్టుకు ఆట. ఒక జట్టుకు రెండూ. ఒక జట్టుకు ఏదీ లేదు. ఆట అంటే ఏమిటి? ఆరోగ్య కార్యకర్త ఒకామె వారానికొకసారి ఇంటికి వచ్చి గంటసేపు కూర్చుని, పారేసిన సీసాలు, అట్టపెట్టెలతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఏమని పలకరించాలో తల్లికి చేసి చూపడం. అది రెండేళ్ళు సాగింది. 1991లో వెలువడిన ఫలితాలలో తిండికీ, ఆటకూ రెంటికీ గుణం కనిపించింది. రెండూ అందిన పిల్లలు మామూలుగా ఎదిగిన పిల్లలను దాదాపు అందుకున్నారు. కాని ఏళ్ళు గడిచేకొద్దీ తిండి ఒక్కటే అందిన వారి లాభం కరిగిపోయింది, ఆట అందిన వారిది నిలిచింది. వారికి ఇరవైరెండేళ్ళు వచ్చాక వెతికి పట్టుకుని లెక్క చూస్తే, ఆడించిన పిల్లల సంపాదన ఆడించని వారికంటె 25 శాతం ఎక్కువగా ఉంది. ఆ లెక్క 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఇదే పద్ధతిని తరువాత బంగ్లాదేశ్‌లోనూ, ఒడిశాలోనూ ప్రయత్నించారు.

దీన్ని చదివి "తిండి కంటె ఆట మేలు" అనుకునేవారుంటే నా రాతలో లోపమే. ఆకలితో ఉన్న బిడ్డ ఆడదు. నాకు తోచినదల్లా ఇది: పనికి పోయి అలసి వచ్చిన తల్లికి, బిడ్డతో కూర్చుని సీసా మూత దొర్లించే తీరిక లేకపోవడం కూడా పేదరికమే, దానిని మనం ఏనాడూ లెక్కలో వేయలేదు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన మన అంగన్‌వాడీ వ్యవస్థలో మూడేళ్ళలోపు బిడ్డ వాటాకు చాలాకాలం ప్రధానంగా వచ్చింది ఆహారం, టీకా, తూకం. ఆ వయసు పిల్లలను ఇంట్లో ఆడించడానికంటూ 'నవచేతన' పేరుతో కేంద్రం ఒక మార్గదర్శిని విడుదల చేసినది 2024 మార్చిలో. నడుమ దాదాపు యాభై ఏళ్ళు.

మా మేనకోడలి అట్టలపెట్టెను ఇప్పుడు నేను వెక్కిరించను. ఆమెకు అక్కడ పక్కింట్లో పిన్ని లేదు, వీధరుగు లేదు, పురిటికి సాయం వెళ్ళిన వాళ్ళు మూడు నెలలకు తిరిగి వచ్చేశారు. కింగ్‌స్టన్ వాడలో తలుపు తట్టిన కార్యకర్త స్థానంలో ఆమెకున్నది ఆ పెట్టే. ఇక్కడికి వచ్చినప్పుడు పాపకు ఏటికొప్పాక లక్క గిలక్కాయ ఒకటి కొన్నాను. అంకుడు కర్రతో చేసినది, నున్ననిది, తేలికైనది, చరకుడి పరీక్షలో నెగ్గేదే. పాప దాన్ని రెండుసార్లు ఆడించి పారేసి, నా కళ్ళద్దాల మీద పడింది.

ఈ టపాకోసం రాసుకున్న కాగితాలు అమ్మకు చదివి వినిపించాను. చరకుడి జాబితా శ్రద్ధగా విని, "అంతా బాగానే చెప్పాడు గాని, కొంగు సంగతి రాయలేదూ ఆయన?" అంది. లేదన్నాను. పాప అప్పటికే ఆ కొంగు చివరను సగం నోట్లో కుక్కుకుని ఉంది.