జగన్నాథుని గుడిలో అన్నపు కుండ

1881 మార్చి 1న సంబల్‌పూర్ ప్రాంతానికి చెందిన ఒక చిన్న గుంపు పూరీ జగన్నాథాలయంలోకి చొరబడింది. పట్టుమని ఇరవైమంది లేరు. వారిలో ఆడవాళ్లూ ఉన్నారు. ఒంటిమీద బట్ట అంతంతమాత్రం. వెంట వండిన అన్నమున్న కుండ. జగన్నాథ, బలభద్ర, సుభద్రల విగ్రహాలను బయటికి ఈడ్చి తగలబెట్టాలన్నది గురువాజ్ఞ అని వారు చెప్పినట్లు అధికారుల నివేదికల్లో ఉంది. తోపులాటలో దాసరాం అనే వ్యక్తి ప్రాణం పోయింది. మిగిలినవారు జైలుకు పోయారు. ప్రభుత్వం దృష్టిలో అది మతసమస్య కాదు, కేవలం అల్లరి.

వీరు మహిమాధర్మ అనుయాయులు. ఈ సంఘటనను విగ్రహారాధకులకూ నిరాకారవాదులకూ మధ్య తగాదాగా చెప్పడం పరిపాటి. అది సగమే నిజమని నా అభిప్రాయం. నిరాకారోపాసన ఈ దేశానికి కొత్త కాదు. కలకత్తాలో 1828 నాటికే బ్రహ్మసమాజం పుట్టింది. చదువుకున్న పెద్దమనుషులు ఆ మాటే చెబితే ఛాందసులు తిట్టారు, వాదించారు. అడవి పల్లెల జనం చెప్పినప్పుడు మాత్రం అది నేరమైంది. ఎందుకు? ఆ కుండలోని అన్నాన్ని చూస్తే గాని అర్థం కాదు.

మహిమాస్వామి ప్రబోధించిన దైవం అలేఖుడు, అంటే రాతకు అందనివాడు. స్వామి ఒడిశా సంస్థానాల పల్లెల్లో తిరిగిన కాలంలోనే 1866 కరువు వచ్చింది. సుమారు పది లక్షలమంది చనిపోయారు. అన్నమే లేని నేలమీద ఎవరి చేతి అన్నం ఎవరు తినాలనే ధర్మశాస్త్రాన్ని ఆయన తలకిందులు చేశాడు. ఆయన సన్యాసులు తక్కువ కులాలనబడిన వారి ఇళ్లలో భిక్ష తీసుకుంటారు. రాజు ఇంట తినరు, బ్రాహ్మణుని ఇంట తినరు. పొద్దు కుంకాక అసలే తినరు. మంగలి, చాకలి ఇళ్లలో కూడా తినకూడదన్న నియమం మాత్రం మనల్ని ఇబ్బంది పెడుతుంది. దానికి రకరకాల సమర్థనలున్నాయి గాని ఏదీ నన్ను ఒప్పించలేదు. అంటరానితనాన్ని ధిక్కరించిన ఉద్యమంలోనూ దాని మరక మిగిలిందనే ఒప్పుకోవాలి.

ఇక పూరీ సంగతి. మహాప్రసాదం దగ్గర కులభేదం లేదని పూరీకి పేరు. కాని ఏ కులాలవారు ఆ గుడిలో అడుగు పెట్టరాదో పేర్లతో సహా జాబితా వేసి, కంపెనీ ప్రభుత్వం 1809లో రెగ్యులేషన్ చేసింది. బయట నిలబెట్టినవాళ్లు తమ అన్నం తామే వండుకుని లోపలికి తెచ్చి తినడమంటే ఆ ఔదార్యపు గుట్టు రట్టు చేయడమే. సమానత్వం దేవుడు దయచేస్తే ప్రసాదం, జనం తీసుకుంటే మైల!

ఈ ఉద్యమపు మహాకవి భీమభోయి. కంధ గిరిజనుడు. పుట్టుగుడ్డి అని, ఆయన పాడుతుంటే లేఖకులు రాసుకున్నారని సంప్రదాయం చెబుతుంది. రాతకందని దేవుణ్ణి రాత ఎరుగని కవి పాడాడన్న మాట! ఒడియా సాహిత్యంలో ‘స్తుతిచింతామణి’ స్థానం చెక్కుచెదరనిది. పూరీ దాడికి ఆయనే నాయకుడని 1911లో నగేంద్రనాథ వసు రాశాడు. తరువాతి పరిశోధకులు దాన్ని బలమైన ఆధారంగా తీసుకోలేదు. సోనేపూర్ దగ్గర ఖలియాపాలిలో ఆయన ఆశ్రమం పెట్టి, స్త్రీలకు చోటిచ్చి, తాను గృహస్థుగానే జీవించాడు. గుడివాళ్ల సంగతి అటుంచి, తోటి సన్యాసులకే అది కంటగింపు అయింది. 1895లో ఆయన చనిపోయాడు.

1876లో మహిమాస్వామి చనిపోయిన ఢెంకనాల్ ప్రాంతపు జొరందా క్రమంగా పెద్ద క్షేత్రమైంది. మాఘపూర్ణిమకు అక్కడ తిరునాళ్లు. సన్యాసులు నారబట్టలవారు, కౌపీనంవారు అని రెండుగా చీలారు. గురువు సమాధిమీద హక్కెవరిదని 20వ శతాబ్దంలో కోర్టులకెక్కారు. అలేఖుని శిష్యులు కాగితాల మీద తమ ధర్మాన్ని రాసి, సాక్ష్యాలు పెట్టి, న్యాయమూర్తి చేత నిర్వచింపజేసుకోవలసి వచ్చింది. మన విశాఖ మన్యానికి అవతల కోరాపుట్ కొండల్లో మాత్రం ఏ కోర్టు కాగితంతోనూ పని లేకుండా గిరిజన స్త్రీపురుషులు అలేఖుని పేరిట పాడుకుంటూనే ఉన్నారు.