జూలై 11ని మన క్యాలెండరులో రాసుకుందాం

మన ఏజెన్సీ బడుల్లో ఏడాది పొడవునా ఏదో ఒక దినోత్సవం వస్తూనే ఉంటుంది. జనవరి 26, ఆగస్టు 15 దేశమంతటితోపాటు మనమూ జరుపుకుంటాం. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ఆదివాసుల సమస్యలపై ఐక్యరాజ్యసమితి వేసిన కార్యవర్గం 1982లో తొలిసారి సమావేశమైన రోజు అది. 1994 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆ తేదీని మన దినంగా ప్రకటించింది. ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో కొమురం భీం వర్ధంతి జరుగుతుంది. నవంబరు 15 బిర్సా ముండా జయంతి. 2021 నుంచి కేంద్ర ప్రభుత్వం ఆ రోజును జనజాతీయ గౌరవ దివస్‌గా జరుపుతోంది.

ఈ రోజుల్లో మనం వీరులను తలచుకుంటాం. విగ్రహానికి పూలమాల వేస్తాం, ర్యాలీ తీస్తాం, ధింసా, గుస్సాడీ ఆడతాం. ఇవన్నీ ఉండాల్సిందే. అయితే వీరులు ప్రాణమిచ్చి అడిగిన హక్కును ఆ తర్వాత చట్టంలోకి, కోర్టులోకి, గ్రామసభలోకి తీసుకొచ్చిన సంస్థల పేర్లు మన ఉపన్యాసాల్లో వినిపించడం తక్కువ. అలాంటి సంస్థల చరిత్ర మన పిల్లలకు చెప్పాలి. వాటిలో నికరమైన వాటికి ఆ రోజుల్లోనే మన వంతు అండ అందించాలి. ఈ వ్యాసంలో చెప్పదలచింది అదే.

మన ప్రాంతాల్లో స్వచ్ఛంద సేవ ఈనాటిది కాదు. దేశంలో దానికి తొలి బాట వేసినవారిలో ఠక్కర్ బాపా ఒకరు. ఆయన వృత్తిరీత్యా ఇంజనీరు. 1914లో బొంబాయి మునిసిపాలిటీ ఉద్యోగం వదిలి సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో చేరారు. 1922లో గుజరాత్ భిల్లుల కోసం భిల్ సేవా మండల్ పెట్టారు. 1948లో భారతీయ ఆదిమజాతి సేవక్ సంఘ్ ఏర్పాటులో ముందున్నారు. ఆ తరం సంస్థలు బడులు, వసతి గృహాలు, వైద్యశాలలు నడిపాయి. వాటి వల్ల అక్షరం వచ్చినవాళ్లు వేలమంది. అయితే ఆదివాసులు తక్కిన సమాజంలో కలిసిపోవాలన్నది బాపా ఆలోచన. వెరియర్ ఎల్విన్ లాంటివారు దానితో విభేదించారు. మన భాష, మన పండుగ, మన కట్టుబాటు బడి గుమ్మం బయటే ఆగిపోయిన సంగతిని ఆ చరిత్రతోపాటే చదువుకోవాలి.

ఠక్కర్ బాపా చేసిన మరో పనిని జనవరి 26న గుర్తుచేసుకోవాలి. రాజ్యాంగ సభలో అస్సాం మినహా తక్కిన ఆదివాసీ ప్రాంతాల గురించి వేసిన ఉపసంఘానికి ఆయనే అధ్యక్షుడు. జైపాల్ సింగ్ ముండా అందులో సభ్యుడు. ఆ చర్చల నుంచే రాజ్యాంగంలోని అయిదవ షెడ్యూలు రూపుదిద్దుకుంది. మన భూమిని కాపాడే నిబంధనలు చేసే అధికారాన్ని ఆ షెడ్యూలు గవర్నరుకు ఇచ్చింది. దాని కిందే ఆంధ్రప్రదేశ్‌లో 1959 భూ బదలాయింపు నిబంధనలు వచ్చాయి. 1963లో వాటిని తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తింపజేశారు. 1970లో వాటిని సవరించారు. మనమంతా 1/70 చట్టం అని పిలుచుకునేది దాన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఆదివాసీ నుంచి ఆదివాసీకి, లేదా ఆదివాసులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి తప్ప వేరెవరికీ బదిలీ కాకూడదని అది చెబుతుంది.

చట్టం ఉంది, కానీ అమలులో ఒక పెద్ద సందు మిగిలింది. ఆదివాసీ తన భూమిని బయటివారికి ఇవ్వకూడదు. మరి ప్రభుత్వం ఇవ్వవచ్చా? ఈ ప్రశ్న అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ముందుకొచ్చింది. బొర్రా రిజర్వు అడవి, దాని చుట్టూ 14 ఊళ్లు, అంతా షెడ్యూల్డ్ ప్రాంతమే. అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. అక్కడి భూముల్లో ఖనిజాలు తవ్వుకోవడానికి ప్రభుత్వం ప్రైవేటు వ్యక్తులకు, కంపెనీలకు లీజులు ఇచ్చింది.

ఆ ఊళ్లలో పనిచేస్తున్న సమత అనే స్వచ్ఛంద సంస్థ దీన్ని కోర్టుకు తీసుకెళ్లింది. 1990లో రిజిస్టరైన చిన్న సంస్థ అది. 1993లో హైకోర్టుకు వెళ్లింది. 1995లో హైకోర్టు పిటిషన్‌ను కొట్టేసింది. చాలా సంస్థలు అక్కడితో ఆగిపోయేవి. సమత సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో కె. రామస్వామి, ఎస్. సగీర్ అహ్మద్ ఒక వైపు, జి.బి. పట్నాయక్ మరో వైపు నిలిచారు. మెజారిటీ తీర్పే చట్టమైంది.

ఆ తీర్పులోని మూడు మాటలు మన ప్రతి విద్యార్థికీ తెలియాలి. మొదటిది, 1/70లో ‘వ్యక్తి’ అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుంది. కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంత భూమిని గిరిజనేతరులకు లీజుకిచ్చే అధికారం ప్రభుత్వానికీ లేదు. అలాంటి లీజులు చెల్లవు. రెండోది, గని తవ్వాల్సి వస్తే ప్రభుత్వ రంగ సంస్థ తవ్వాలి, లేదా ఆదివాసుల సహకార సంఘం తవ్వాలి. మూడోది, గనుల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత ఆదివాసుల బడి, వైద్యం, నీరు, దారి లాంటి అవసరాలకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలి.

తీర్పు వచ్చాక కూడా పని ముగియలేదు. దాన్ని మార్చాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు సుప్రీంకోర్టును మళ్లీ అడిగాయి. 2000లో కోర్టు ఒప్పుకోలేదు. అదే ఏడాది అయిదవ షెడ్యూలునే సవరించాలన్న ప్రతిపాదన కేంద్ర గనుల శాఖలో కదిలింది. దేశమంతటా ఆదివాసీ సంఘాలు వ్యతిరేకించాయి. సవరణ జరగలేదు. 2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టు సమత తీర్పుపై కొన్ని సందేహాలు వెలిబుచ్చింది. అయినా మన రాష్ట్రాల నిబంధనల మీద ఆధారపడిన ఆ తీర్పు మనకు అండగానే ఉంది. విశాఖ మన్యంలో బాక్సైట్ తవ్వకాలకు వ్యతిరేకంగా మనవాళ్లు ఏళ్ల తరబడి పోరాడినప్పుడు ఊరూరా వినిపించిన మాట సమత తీర్పే. జెర్రెల కొండల అడవిని తవ్వకాలకు మళ్లించేందుకు 2015లో ఇచ్చిన జీవో 97 చివరికి 2019లో రద్దయింది. దాన్ని రద్దు చేయించింది ప్రజల పోరాటమే. ఆ పోరాటం చేతికి చట్టాన్ని అందించినది ఒక చిన్న సంస్థ పట్టుదల.

కోర్టులో మన మాట ఎంత అవసరమో ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంత బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇవ్వాలని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. మనలో ఎంతోమంది ఆ జీవో వల్లే బడిలో అడుగుపెట్టాం. 2020 ఏప్రిల్ 22న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఒక జీవో ఎలా నిలుస్తుంది, ఎలా పోతుంది అన్నది చదవగలిగినవాళ్లు మన పక్కన ఉండాలి. ఊరేగింపు ఒక రోజు జరుగుతుంది. కేసు పదేళ్లు, ఇరవై ఏళ్లు నడుస్తుంది. అన్నేళ్లూ కాగితాలు దాచి, వకీలును పెట్టి, వాయిదాలకు తిరగడానికి ఒక సంస్థ కావాలి. ఆ సంస్థకు ఖర్చు కావాలి.

ఆ ఖర్చు ఇప్పుడు చిన్న సంస్థలకు కష్టమవుతోంది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. పెద్ద సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళంలో కొంత చిన్న సంస్థకు పంచే వీలు పోయింది. ఆ విరాళాల్లో కార్యాలయ ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అలాంటి సహాయం మీద కొండల్లో పనిచేస్తూ వచ్చిన చిన్న సంస్థలకు ఇది దెబ్బ. ఇకమీదట వాటికి దగ్గరి మనుషులే దిక్కు కావాలి. దగ్గరి మనుషులంటే జీతం తీసుకుంటున్న మనమే.

అలాగని బోర్డు పెట్టిన ప్రతి సంస్థకూ డబ్బు ఇవ్వమనడం లేదు. మన కొండల్లోకి ఫొటోల కోసం వచ్చి, దుప్పట్లు పంచి వెళ్లిపోయేవీ ఉన్నాయి. అందుకే ఇచ్చే ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. ఆ సంస్థ రిజిస్టరైందా? ఏటా లెక్కలు తనిఖీ చేయించి అడిగినవారికి చూపిస్తుందా? దాని కమిటీలో ఆదివాసులున్నారా, లేక మనం సభల్లో కూర్చునేవాళ్లమేనా? ఊళ్లో పని మొదలుపెట్టే ముందు గ్రామసభను అడిగిందా? దాని కార్యకర్తలకు కువి, గోండి, కోయ, సవర, ఆ ఊరి భాష ఏదైతే అది వచ్చా? అన్నిటికంటే ముఖ్యం, ఆ సంస్థ వెళ్లిపోయాక ఊరి చేతిలో ఏం మిగిలింది? పట్టా మిగిలిందా, అర్జీ రాయగల యువకుడు మిగిలాడా, నడుస్తున్న సంఘం మిగిలిందా? సమతతోపాటు, ఆదివాసీ యువతకు చట్టం నేర్పి ఊరి న్యాయ సహాయకులుగా తయారుచేసిన లయ, తూర్పు మన్యంలో భూ చట్టాల అమలు కోసం పట్టుబట్టిన శక్తి లాంటి సంస్థలనైనా సరే, ఇవే ప్రశ్నలు అడిగి తెలుసుకున్నాకే అండగా నిలవాలి. మన సొంత ఆదివాసీ సంఘాలను కూడా ఇవే అడగాలి. మనవాళ్లని లెక్కలు అడగకుండా వదిలేస్తే సంఘానికే నష్టం.

అండ అంటే డబ్బు ఒక్కటే కాదు. ఆగస్టు 9కి మనం వేసుకునే చందాలో ఫ్లెక్సీలకు, సౌండ్ బాక్సులకు పోగా కొంత ముందుగానే పక్కన పెట్టవచ్చు. డబ్బు లేని యువత సెలవుల్లో సర్వే నంబర్లు రాయడం, పాత రికార్డుల నకళ్లు తీయడం, పెద్దల మాటలు రాసుకోవడం చేయవచ్చు. ఉపాధ్యాయులు నవంబరు 15న వ్యాస రచన పోటీకి ‘మా మండలంలో భూమి కోసం పనిచేసిన సంఘం’ అన్న అంశం ఇవ్వవచ్చు. పిల్లలు ఇంటికి వెళ్లి తాతను, అమ్మమ్మను అడుగుతారు. పుస్తకాల్లో లేని చరిత్ర అలా మన చేతికి వస్తుంది.

ఒక పని మాత్రం ఖర్చు లేకుండా ఈ ఏడే చేయవచ్చు. మన బడి గోడ మీది క్యాలెండరులో జూలై 11 ఎదురుగా ‘సమత తీర్పు, 1997’ అని రాద్దాం. ఆ రోజు ప్రార్థన సమయంలో తీర్పులోని మూడు మాటలూ పిల్లలకు వాళ్ల భాషలో చెబుదాం. తాము నిలబడిన నేల ఎవరిదో పదో తరగతి దాటేలోపు ప్రతి పిల్లా, పిల్లవాడు చట్టం పేరుతో సహా చెప్పగలగాలి.