తేదీల్లేని బాధ

భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని చట్టం ప్రత్యేక నేరంగా గుర్తించింది 1983లో, 498-ఎ సెక్షన్‌తో (2024 జూలై నుంచి న్యాయ సంహితలో 85). అంతకుముందు 'సంసారం గుట్టు' అన్న సామెతే మగవాడికి చాలినంత డిఫెన్సు. తరువాత ప్లీడర్ల ప్రశ్న మారింది: ఎవరు, ఏనాడు, ఏం చేశారు? 2014లో అర్నేష్ కుమార్ తీర్పు యాంత్రికంగా అరెస్టులు చేయరాదంది, న్యాయమే. 2024 డిసెంబరు 10న, తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసును కొట్టివేస్తూ సుప్రీంకోర్టు, నిర్దిష్టమైన ఆరోపణ లేకుండా కుటుంబమంతటినీ ఇరికించరాదంది. ఎక్కడో వేరే కాపురం చేసుకుంటున్న ఆడబిడ్డకు ఆ రక్షణ ఉండవలసిందే.

కాని ఏళ్ళ తరబడి తిన్న దెబ్బలకు తేదీలెక్కడివి? మా గన్నవరం పల్లెల్లో స్త్రీ "నాట్లప్పుడు", "పెద్దాడు కడుపులో ఉండగా" అని చెబుతుంది. స్టేషను రైటరు దాన్ని "తరచు వేధించేవారు" అని కుదిస్తాడు. డిఫెన్సు ప్లీడరు పట్టుకునేది ఆ వాక్యాన్నే.