అమెరికా ఔత్సాహిక మోటోక్రాస్ జాతీయ పోటీలు: ప్రాంతీయ విస్తరణము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వృత్తిగా గాక అభిరుచిచేత మోటారుసైకిలు పందెములాడువారికి జరుగు పోటీలలో అగ్రగణ్యమైనది, అమెరికన్ మోటార్‌సైకిలిస్ట్ అసోసియేషన్ ఆమోదముతో 1982 నుండి టెనెస్సీ రాష్ట్రమందలి హరికేన్ మిల్స్‌లో, సుప్రసిద్ధ గాయని లొరెట్టా లిన్ పశుక్షేత్రమున వేసవిలో జరుగుచున్న మట్టిబాట పందెము.

దేశము సువిశాలమగుటచే, కాలిఫోర్నియా కుర్రవాడు బండిని వ్యానులో వేసికొని సుమారు 3,000 కిలోమీటర్లు వచ్చి తొలి వడపోతలోనే మరలిపోవుట న్యాయము కాదు. అందుచేత తుదిపోటీని ఒక్కచోటనే స్థిరముగా నిలిపి, అర్హతాపోటీలను మాత్రము దేశము నలుమూలలకును వ్యాపింపజేసిరి. మొదట స్థానిక మండలములలో, పిమ్మట వాటికంటె విశాలములైన ప్రాంతములలో ముందు నిలిచినవారికే హరికేన్ మిల్స్ ప్రవేశము. ప్రతి తరగతిలోను 42 మందికే చోటు. పందెపు సంప్రదాయము అంతగా వేళ్లూనని ప్రాంతమునకును కొన్ని స్థానములు దక్కుటయు, తద్ద్వారా అచ్చటి క్లబ్బులకును బాటల యజమానులకును ఉత్సాహము కలుగుటయు ఈ పద్ధతి యొక్క ప్రధానగుణములు.

తుదిపోటీలో ఒక్కొక్క తరగతివారు మూడు పందెములాడవలెను. ఇనుపగేటు నేలకొరగినంతనే నలుబదిమందికి పైగా ఒక్కుమ్మడిగా ఒకే మలుపునకు దూకుదురు. దుమ్ములో ఏ బండి ఎవరిదో తెలియదు. చూచువారికే గుండె దడదడలాడును. 50 సీసీ బండ్లపై 4 ఏండ్ల పసివారు మొదలు 50 ఏండ్లు దాటినవారి వరకు తరగతులున్నవి. రికీ కార్మైకేల్, జేమ్స్ స్టీవర్ట్ ఇచ్చటనే చిన్నతనమున గెలిచి, పిమ్మట వృత్తిపందెములలో విఖ్యాతులైరి.