పొలిమేర దాటిన రోగి

లండన్ మహానగరమునకు పడమట 77 మైళ్ళ దూరమున, విల్ట్‌షైర్ మండలములో, గుట్టమీద సంత జరుపుకొనుచు నెమ్మదిగా కాలము గడుపుచుండిన స్విండన్ అను చిన్న బస్తీకి దిగువనున్న పల్లములో, గ్రేట్ వెస్టర్న్ రైల్వే కంపెనీవారు తమ యింజన్ల కొరకు నెలకొల్పిన కార్ఖానా 1843 జనవరిలో పని ప్రారంభించెను. దాని నాశ్రయించి దూరప్రాంతములనుండి వచ్చిన కమ్మరులు, వడ్రంగులు, పోతపనివారు, బాయిలరు పనివారు కంపెనీ కట్టించిన రాతియిండ్ల వరుసలలో కాపురములు పెట్టిరి. అన్నదమ్ములును అత్తమామలును దగ్గర లేని ఆ జనమునకు ఒడలు బాగులేని నాడు దిక్కెవరు అను ప్రశ్న మొదటినుండియు ఉండెను. దానికి స్విండన్ చెప్పిన సమాధానము బ్రిటన్ సాంఘిక చరిత్రలో ఒక ప్రధానాధ్యాయమైనది. నేడు అదే పట్టణమున కాపురమున్న తెలుగు కుటుంబములలో ఒకరు దీర్ఘరోగముతో పుట్టింటికి ప్రయాణము కట్టునప్పుడు, తనకు వచ్చుచున్న భృతి సాగునో ఆగునో అని పడు బెంగకు మూలము కూడ ఆ చరిత్రలోనే యున్నది.

1847లో రైలు వ్యాపారము మందగించి కంపెనీవారు పనివారిని పెద్దయెత్తున తగ్గించిరి. కూలి పోయినవాడు వైద్యుని ఫీజు ఇచ్చుకొనలేడని కన్నులార చూచిన కార్ఖానా మేనేజరు ఆర్చిబాల్డ్ స్టరక్ తన పైయధికారి డానియల్ గూచ్‌నకు విన్నవింపగా, ఆ సంవత్సరాంతమున జి.డబ్ల్యు.ఆర్. మెడికల్ ఫండ్ సొసైటీ వెలసెను. పనివారి కూలినుండి వారము వారము కొంత మినహాయించి, ఆ మొత్తముతో వారికే గాక వారి ఆలుబిడ్డలకును వైద్యుని, ఔషధములను సమకూర్చుట దాని పద్ధతి. కాలక్రమమున ఒక ఆయుధాగారమును మార్చి చిన్న ఆసుపత్రిగా చేసిరి. 1892 నాటికి మిల్టన్ రోడ్డులో ఔషధశాలయు, స్నానశాలలును, ఈతకొలనులును గల పెద్ద భవనమును లేపిరి. 1948 జూలై 5వ తేదీన జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమై ఈ నిధి అందులో లీనమగునప్పటికి, దేశమంతట ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవాన్ చేయదలచిన పనిని ఈ ఒక్క పట్టణము నూరేండ్లుగా తనంతట తాను చేసికొనుచుండెను. దీనిని చదివినప్పుడెల్ల నాకు ఆ పనివారియెడ గౌరవము ద్విగుణమగును. ఏలయన, వారికి ఎవరును దానము చేయలేదు, వారి చెమటనుండియే ఆ ఔషధము పుట్టినది.

వైద్యము వేరు, రోగకాలమున చేతికి వచ్చు ధనము వేరు. వైద్యము జరుగుటకు రోగియు వైద్యుడును ఒక్కచోట నుండవలెను. ధనమన్ననో, రోగి యెచ్చట నున్నను అచ్చటికి పంపవచ్చును. పంపవచ్చును గనుకనే పంపవచ్చునా కూడదా అను వివాదము పుట్టినది. ఆనాటి ఇంగ్లండున పరస్పర సహాయ సంఘములు అసంఖ్యాకములు; ఆడ్‌ఫెలోస్, ఫారెస్టర్స్ మొదలగు సంఘముల సభ్యుడు మంచము పట్టినచో వారపు భృతి ఇంటికే వచ్చును, దానిని తెచ్చు సంఘసభ్యుడు రోగిని స్వయముగా చూచి పోవును. భృతి పుచ్చుకొనుచున్నవాడు పొద్దుపోయిన తరువాత వీథిలో కనబడరాదనియు, అనుమతి లేక ఊరు విడువరాదనియు నియమములుండెడివి. ఇది కాఠిన్యమని మనకు తోచవచ్చును గాని, సంఘపు నిధిపెట్టెలోని ప్రతి పెన్నీయు పొరుగువాని కూలినుండి వచ్చినదే యగుటచేత, రోగము నిజమో కాదో చూచికొను హక్కు ఆ పొరుగువానికి కలదని అందరును ఒప్పుకొనిరి. సొమ్ము ఎవరి సంచిలోనిదో, ఆ సంచికి కావలి యెవరో, దానినిబట్టియే భృతి రోగివెంట ఎంతదూరము నడచునన్నది నిర్ణయమగును. నూటడెబ్బదేండ్లు గడచి సంఘము పోయి సర్కారు వచ్చినను, ఈ సూత్రము మారలేదని నా నిశ్చయము.

ఊరు విడుచుట యన్న ఆ పనివారికి తెలియని సంగతి కాదు. 1849లో పనివారి విద్యాసంఘమైన మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్ వారు దాదాపు 500 మందిని ప్రత్యేక రైలులో ఆక్స్‌ఫర్డునకు విహారయాత్ర తీసికొనిపోయిరి. అది యేటేట పెరిగి, ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళకు జూలై మాసమున సుమారు 25,000 మంది, అనగా పట్టణములో దాదాపు సగము, తెల్లవారుజామున రైళ్ళెక్కి వేమత్, సెయింట్ ఐవ్స్, టెన్‌బీ వంటి సముద్రతీరములకు తరలిపోవు మహోత్సవమాయెను. దానికి ‘ట్రిప్’ అనియే పేరు. కంపెనీ టికెట్టు ఉచితముగా ఇచ్చెను గాని ఆ దినములకు కూలి యియ్యలేదు. 1930ల చివరవరకు ఆ సెలవు వేతనము లేని సెలవే. సముద్రపు గాలి పీల్చి వచ్చిన కుటుంబము తరువాతి వారము ఖాళీ చేతులతో గడపవలసి యుండెను. కదలికకు మూల్యము ఉన్నదని స్విండన్ బిడ్డలు చిన్ననాడే నేర్చుకొనిరి.

ఇచ్చట ఒక తెలుగు పాఠకుడు తప్పక తెలిసికొనదగిన మనిషి తటస్థపడును. ఆల్ఫ్రెడ్ విలియమ్స్ అను నతడు ఈ కార్ఖానాలో ఇరువదియేండ్లకు పైగా ఆవిరి సుత్తియొద్ద పనిచేసి, ఆరోగ్యము చెడి 1914లో పని మానుకొనెను. మరుసటి యేట ఆ రైలు కార్ఖానా జీవితమును గూర్చి అతడు ప్రకటించిన గ్రంథము నేటికిని ప్రమాణమే. పని విడిచిన వెనుక కూరగాయలు పండించి అమ్ముకొనెను. యుద్ధకాలమున సైనికుడై హిందూదేశమునకు వచ్చెను. తిరిగిపోయి, భార్యయు తానును స్వహస్తములతో ఇటుకలు మోసి కట్టుకొన్న ఇంటికి రాణీఖేత్ అని హిమాలయ పట్టణము పేరు పెట్టెను. పేదరికముతో పోరాడుచునే సంస్కృతము నేర్చి పంచతంత్ర కథలను ఆంగ్లీకరించెను. ఆ గ్రంథము వెలువడిన 1930వ సంవత్సరముననే అతడు మరణించెను. చిన్నయసూరి నీతిచంద్రిక చదివి పెరిగినవారమైన మనము, విష్ణుశర్మ కథలు స్విండన్ పొలిమేరనున్న ఒక రోగిష్ఠి కమ్మరి చేతిమీదుగా కూడ నడచినవని తెలిసి చేతులు జోడింపవలెను.

చట్టముల వైపు మరలుదము. పనిలో గాయపడిన కార్మికునికి యజమాని పరిహారమియ్యవలెనను శాసనము 1897లో వచ్చి, 1906లో విస్తృతమాయెను. అందలి ఒక నిబంధన నన్ను చాల ఆకర్షించినది. వారపు పరిహారము పొందుచున్నవాడు యునైటెడ్ కింగ్‌డమ్‌లో నివాసము మానినచో పరిహారము ఆగును. ఐనను, అతని అశక్తత శాశ్వతమగునట్టిదని మెడికల్ రిఫరీ ధ్రువపరచినచో, అతడు ప్రపంచమున ఎచ్చట నున్నను మూడేసి మాసములకొకసారి ఆ మూడు మాసముల సొమ్ము పుచ్చుకొనవచ్చును. తాను ఆ మనిషినే యనియు, అశక్తత తొలగలేదనియు నిర్ణీత కాలములయందు రుజువు చూపిన చాలును. మన పెన్షనుదారులు యేటేట నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు సమర్పించు పద్ధతికి ఇది సోదరప్రాయము. మనిషిని కట్టివేయక, రుజువును మాత్రమే అడిగిన ఈ నిబంధనలో గొప్ప మానవత్వము కలదు. నేటికిని పారిశ్రామిక ప్రమాదములకై బ్రిటన్ ఇచ్చు వైకల్య పరిహారపు మూలభాగము ఏ దేశమునకైనను వెళ్ళును. చేయి నలిగినది ఆ యంత్రముక్రిందనే గనుక, చేయి గలవాడు కాకినాడలో నున్నను ఋణము ఋణమే.

రోగభృతి గతి వేరు. ఆర్థికమంత్రి లాయిడ్ జార్జి 1911లో తెచ్చిన నేషనల్ ఇన్సూరెన్స్ చట్టము క్రింద పురుషునికి వారమునకు 10 షిల్లింగులు, 26 వారములవరకు దొరకెను. దేశము వెలుపల తాత్కాలికముగ నున్నను అది నిలిచిపోవలసినదే, తన సంఘము అనుమతించిననే సాగును. ఇంటి గడపయొద్ద నిలిచిన నాటి నియమము ఇప్పుడు దేశపు సరిహద్దునకు జరిగినది, అంతియే. 1946 చట్టము సంఘములను తొలగించి కావలిని ప్రభుత్వమునకు అప్పగించినను, దేశాంతరమున నున్నవాడు భృతికి అనర్హుడను మాట నిలిచెను. ఉన్న రోగమునకు చికిత్సకొరకే పోయినవానికి మాత్రము కొంత మినహాయింపు కల్పించిరి. అప్పటినుండి భృతి వివాదములను తీర్చు కమిషనర్ల ముందు వాదములు నడచి, ఎండకొరకు, గాలి మార్పుకొరకు, విశ్రాంతికొరకు పోవుట చికిత్స కాదనియు, ఇంకొకరు చేయు వైద్యక్రియ ఉండవలెననియు తేలినది. దీనికి ఇంగ్లీషువారిని మాత్రమే అనరాదు. 1948లో మన దేశము చేసికొన్న ఉద్యోగుల రాజ్య బీమా చట్టములోని 64వ సెక్షను, సిక్‌నెస్ భృతి పొందువాడు వైద్యాధికారి అనుమతి లేక చికిత్స జరుగు ప్రాంతమును విడువరాదని శాసించెను. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి చీటీ చేతబట్టుకొన్న కార్మికుడు తన పల్లెకు పోవలెనన్నను అడిగియే పోవలసి యుండెను.

యజమాని సంచి, చందాల సంచి తరువాత మూడవ రకపు సంచి వచ్చెను. చందా కట్టినవానికి గాక, వైకల్యము గలవారికి పన్నుల సొమ్మునుండి ఇచ్చు భృతులవి: 1971లో అటెండెన్స్ అలవెన్సు, 1992లో డిజబిలిటీ లివింగ్ అలవెన్సు, 2013 ఏప్రిల్‌లో దాని స్థానమున పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంటు, అనగా జనులు పిప్ అని పిలుచునది. పన్ను గట్టు సమాజమే దాత గనుక, ఆ సమాజమున నివసించుటయే అర్హత యాయెను. 2013లో ఈ నియమము మిక్కిలి బిగిసెను. అంతకుముందు 26 వారములవరకు వెలుపల నుండగలిగినవాడు ఇప్పుడు 13 వారములే యుండగలడు; కొత్తగా కోరువాడు గడచిన 156 వారములలో 104 వారములు దేశమున నుండి యుండవలెను, పూర్వము ఇది 52లో 26 మాత్రమే. అల్పాదాయము గలవారికిచ్చు యూనివర్సల్ క్రెడిట్ సాధారణముగ ఒక మాసమునకు మించి సాగదు. దగ్గరి బంధువు మరణించి తిరిగివచ్చుట కుదరనిచో ఇంకొక మాసము ఓర్తురు. రోగముచే పని చేయజాలనివారికిచ్చు ఇఎస్ఎ (ఎంప్లాయ్‌మెంట్ అండ్ సపోర్ట్ అలవెన్సు) సాధారణముగ నాలుగు వారములు. రోగిని కనిపెట్టుకొని యుండువారికి ఇచ్చు కేరర్స్ అలవెన్సుకు సాధారణముగ 26 వారములలో నాలుగు వారముల గడువు. వృద్ధాప్యపు పెన్షను మాత్రము భారతదేశమునకు వచ్చును గాని, ఏటేటి పెంపు రాదు.

ఈ అంకెలను మన యిండ్లలోనికి తెచ్చి చూడవలెను. ఐటీ కొలువులకును ఆసుపత్రి కొలువులకును స్విండన్ చేరిన మనవారిలో వర్క్ వీసాపై నున్నవారికి పిప్, యూనివర్సల్ క్రెడిట్ వంటివి సామాన్యముగ అందవు. శాశ్వత నివాసము లభించిన పిదపనే ఆ ద్వారము తెరచుకొనును. అట్లు స్థిరపడిన ఒక గృహిణికి కీళ్ళవాతము ముదిరి పిప్ వచ్చుచున్నదనుకొందము. ఆమె తల్లి కాకినాడలో నున్నది. వేన్నీళ్ళు కాచి పోయుటకు, తల దువ్వుటకు, రాత్రి లేచి కాళ్ళు ఒత్తుటకు మనుషులు అచ్చట నున్నారు. స్విండన్‌లో భర్త ఉద్యోగమునకు పోయినచో ఆమె ఒంటరి. పుట్టింట నాలుగు మాసములుండి కోలుకొనవలెనని పోయినచో, పదునాలుగవ వారమున భృతి ఆగును. అదే ఆమె అర్హతగల వైద్యుని పర్యవేక్షణలో చికిత్సకే పోయినచో 26 వారములు సాగును; పునరావాస చికిత్సయు, ఆహార నియమమును కూడ ఆ చికిత్సలో చేరునని నిబంధనలే చెప్పుచున్నవి. కావున వైద్యుడు వ్రాసియిచ్చిన పథ్యము చట్టమునకు కనబడును, తల్లి వండిపెట్టిన పథ్యము కనబడదు. భృతి యిచ్చునదే యితరుల సహాయము లేక దినచర్య సాగనివారికి. ఆ సహాయము సమృద్ధిగా దొరకు చోటికి ఆమె పోవుటను నేరమువలె చూచు నియమము తన ప్రయోజనమును తానే మరచినదని నేను నమ్ముచున్నాను.

పొరుగింటి కథ మరియొక తీరున నున్నది. రెండవ ప్రపంచయుద్ధానంతరము స్విండన్‌లో స్థిరపడిన పోలెండువారు ఒక పెద్ద సమాజము. యూరపు న్యాయస్థానము 2007 అక్టోబరులో అటెండెన్స్ అలవెన్సు వంటి భృతులు రోగభృతి కోవకు చెందునని తీర్పు చెప్పినందున, నియమములకు లోబడిన యూరపు పౌరుడు వాటిని తన దేశమునకు వెంట కొనిపోగలిగెను; బ్రిటన్ యూరపు కూటమిని విడిచిన పిమ్మట కూడ ముందే స్థిరపడినవారికి ఆ హక్కును కాపాడిరి. ఒకే వీథిలో, ఒకే రోగముతో, ఒకే పన్ను కట్టిన ఇద్దరిలో ఒకరి భృతి వార్సా చేరును, రెండవవారిది కాకినాడలో పదునాలుగవ వారమున ఆగును. దేశముల మధ్య ఒడంబడికలు లేని లోటిది. దానిని పూడ్చుట ఢిల్లీకిని లండన్‌కును అసాధ్యము కాదు. పిప్ పరీక్షలనే నేడు తరచుగా టెలిఫోనుమీద జరుపుచున్నారు. 1906లోనే, ఉత్తరములు ఓడ టపామీద ఆధారపడిన కాలమున, దూరదేశపు రుజువును నమ్మిన ప్రభుత్వము ఇప్పుడు నమ్మజాలక పోవుటకు నాకు కారణము కనబడదు.

ఆ మార్పు వచ్చువరకు ప్రయాణికులు జాగ్రత్త పడవలెను. పిప్ పొందువారు నాలుగు వారములకు మించి వెళ్ళదలచినచో టికెట్టు కొన్ననాడే భృతి శాఖకు తెలుపవలెను; చెప్పక పోయి తరువాత బయటపడినచో అధికముగా పుచ్చుకొన్నదంతయు తిరిగి కట్టవలసి వచ్చును. వారములు లెక్కించునది విమానము దిగిన నాటినుండి కాదు, దేశము విడిచిన నాటినుండి. చికిత్సకై పోవువారు రోగము బయలుదేరక పూర్వమే యున్నదని చూపు బ్రిటన్ వైద్యుని కాగితమును, చికిత్స జరుగు ఆసుపత్రి పేరును, చేయబోవు చికిత్సను, దాని కాలమును, పర్యవేక్షించు వైద్యుని అర్హతను తెలుపు లేఖను, ఆంగ్లమున, ప్రయాణమునకు ముందే సిద్ధము చేసికొని యొక ప్రతిని తమయొద్ద నుంచుకొనవలెను.