పంతులుగారి పాకలో ప్రశ్నోత్తరాలు

తెలుగులో తొలిసారి అచ్చుకెక్కిన పుస్తకాల్లో ఒకటి కావ్యమూ కాదు, శతకమూ కాదు. పిల్లలకు క్రైస్తవం నేర్పే ప్రశ్నోత్తరాల పుస్తకం. జర్మనీలోని హాలే పట్టణంలో 1746లో బెంజమిన్ షుల్జ్ దాన్ని అచ్చు వేయించాడు. ఇంటి యజమాని తన బిడ్డల చేత వల్లె వేయించడానికని మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న పుస్తకానికి అది తెలుగు. అచ్చయితే అయింది గానీ, దాన్ని కూడబలుక్కుంటూ చదివే పిల్లలు గోదావరి లంకల్లో, కాలువ గట్ల మీద కనబడటానికి మరో వందేళ్లు పట్టింది.

ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులు 1836లో భార్యలతో సహా ఇటు వచ్చారు. వాళ్లను వెంటబెట్టుకొచ్చినవాడు ఆంటొనీ నారిస్ గ్రోవ్స్. మొదట మచిలీపట్నం, తర్వాత నరసాపురం, పాలకొల్లు. వెనక జీతమిచ్చే పెద్ద సంఘమేదీ లేదు. పెద్దవాళ్లు సంతల్లో వాళ్ల మాట విని తలాడించి వెళ్లిపోయేవారు తప్ప చేరేవారు కాదు. బడి పెడితే మాత్రం పిల్లలు వచ్చేవారు. 1853లో జార్జ్ బీర్ చనిపోయాక కూడా ఎలిజబెత్ బీర్ నరసాపురం విడిచిపెట్టలేదు. ఇక్కడి నేల మీద పెరిగిన ఆమె కొడుకులే తర్వాత ఆ పని అందుకున్నారు. డెల్టాలో క్రైస్తవ పెంపకానికి తొలి ఫలితాలు దొరల ఇంట్లోనే కనబడ్డాయన్నమాట.

దళితుల పేటల్లో కథ మలుపు తిరిగింది ఆనకట్టతో. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట పనికి వేలమంది కూలీలు వచ్చారు. వాళ్లలో మాల కుటుంబాలవారు చాలామంది. బౌడెన్ అక్కడికి వెళ్లి వాళ్లతో మాట్లాడాడు. పని ముగించుకుని ఊళ్లకు తిరిగెళ్లినవారు ఆ కబురు కూడా మోసుకెళ్లారు. ఆ తర్వాత చేరికలు ఒక్కొక్కరుగా కాక కుటుంబాలకు కుటుంబాలుగా సాగాయి.

అక్కడే చిక్కు వచ్చి పడింది. తండ్రి ఇంట్లో గ్రంథం చదివి పిల్లలకు చెప్పాలన్నది పుస్తకాల్లోని పద్ధతి. ఇక్కడ తండ్రికి అక్షరమే అందనివ్వలేదు ఊరు. తల్లి తెల్లారక ముందే నాట్లకు వెళ్లాలి. ఎనిమిదేళ్ల కుర్రాడు రైతు ఇంట పశువుల వెంట తిరుగుతుంటాడు. ఇక పిల్లవాడికి ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి?

దానికి డెల్టా కనిపెట్టుకున్న జవాబు ఉపదేశి. మనిషి ఒక్కడే, పనులు మూడు: పంతులు, ప్రసంగీకుడు, ఉత్తరాలు రాసిపెట్టేవాడు. పేట చివర తాటాకు పాక వారమంతా బడి, ఆదివారం గుడి. పగలు రాలేని పిల్లలకు రాత్రి దీపం పెట్టి చెప్పేవారు. అ ఆలతో పాటే పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, ఎక్కాలు. పంతులమ్మ ఆడపిల్లలకు కుట్టుపనీ, పాటలూ నేర్పేది. 1854 నాటి విద్యా ప్రకటన తర్వాత ఇలాంటి బడులకు సర్కారు గ్రాంటు దొరికే వీలు కలగడంతో పాకలు పెరిగాయి. మిషన్ల చరిత్రల్లో దొరల ఫొటోలే ఎక్కువ. పిల్లల్ని పెంచింది మాత్రం పేరు కూడా సరిగా నమోదు కాని ఈ పంతుళ్లే.

ఇంతలో రాజమండ్రి వైపు మరో పద్ధతి వేళ్లూనింది. ఉత్తర జర్మనీ మిషన్ తరఫున వాలెట్ అనే మిషనరీ 1845లో అక్కడ పని మొదలుపెట్టాడు. ఆరేడేళ్లు తిరక్కుండానే అది అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. ఒక దశలో ఈ మిషన్‌ను వేరేవాళ్లకు అప్పగించేద్దామన్న ఆలోచన వస్తే, డెబ్బై ఆరేళ్ల వయసులో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1869లో అమెరికా నుంచి మళ్లీ ఓడెక్కి వచ్చాడు.

లూథరన్లు ఒడిలో పాపకే బాప్తిస్మం ఇస్తారు. తర్వాత ప్రశ్నోత్తరాలు అప్పజెప్పించి, టీనేజీలో కన్ఫర్మేషన్ చేసి, ప్రభురాత్రి భోజనానికి చేర్చుకుంటారు. బౌడెన్, బీర్‌ల బాటలోని నరసాపురం బ్రదరన్లు, కాకినాడ, సామర్లకోటల్లోని కెనడియన్ బాప్టిస్టులు అలా కాదు. పిల్లవాడు ఎదిగి, తన నోటితో తాను ఒప్పుకున్నాకే ముంచుతారు. ముంచడానికి నీళ్లకు కరువా? కాటన్ తవ్వించిన కాలువలే బాప్తిస్మపు రేవులయ్యాయి. రెండు సంఘాలవాళ్లు వియ్యమందుకున్న ఇళ్లలో మనవడికి ఏ పద్ధతి అన్న వాదన ఇప్పటికీ వింటుంటాం. పట్టు ఎక్కువగా అమ్మమ్మదే.

తర్వాతి అంకం బోర్డింగు బడిది. 1890లో రాజమండ్రికి ఏగ్నెస్ షేడ్, కేట్ సాడ్లర్ అనే అమెరికన్ మహిళలు వచ్చి ఆడపిల్లల చదువు మీద పడ్డారు. 1895లో వచ్చిన షార్లెట్ స్వెన్సన్ పేరు మీద తర్వాత బైబిలు స్త్రీల శిక్షణ బడి వెలిసింది. బోర్డింగులో గంట కొడితే లేవాలి, గంట కొడితే ప్రార్థన, గంట కొడితే అన్నం. పేటలోని జాతరల నుంచీ, డప్పుల నుంచీ పిల్లల్ని దూరంగా ఉంచితే తప్ప విశ్వాసం నిలవదని మిషనరీల నమ్మకం. ఈ లెక్కలో లాభం పెద్దదే. కూలికి వెళ్లాల్సిన అమ్మాయి టీచరమ్మ అయింది, నర్సు అయింది. నష్టమూ ఉంది. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లకు సొంత పేట పాపాల పుట్టలా కనబడటం మంచి పెంపకమని ఎలా అనగలం?

ఆ ఎడం కొంతైనా పూడ్చింది పాట. చదువు రాని నాయనమ్మకు ప్రశ్నోత్తరాలు నోరు తిరగవు. కీర్తన మాత్రం ఒక్కసారి వింటే పట్టుకుంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి కట్టిన కీర్తనలు మన రాగాల్లో, మన తాళాల్లో ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చు వేస్తారు. రాజమండ్రి దగ్గరి జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు లూథర్‌గిరి వేదాంత పాఠశాలలో పాఠాలు చెప్పినవారు. లూథరన్ సంఘం నుంచి బయటికొచ్చి 1938లో బైబిలు మిషను స్థాపించిన ఆయన కూడా బోధను పాటల్లోకి దించారు. వంట మొదలుపెడుతూ గుడి కోసం పిడికెడు బియ్యం విడిగా పోసే తల్లి, ఆ పిడికిలిని పసివాడి చేత వేయించి, నోటితో పాటందుకునేది. ఆ పూటకు పాఠం అయిపోయినట్టే.

ఇవాళ ఆ పని సండే స్కూలుదీ, వేసవి సెలవుల్లో నడిచే వెకేషన్ బైబిల్ స్కూలు (వీబీఎస్)దీ. రంగు కాగితాలు, అభినయ గీతాలు, కంఠత వాక్యం ఒప్పజెబితే పెన్సిలు బహుమతి. పంతులుగారి బెత్తంతో పోలిస్తే పిల్లలకు ఇది పండగే.

అయితే పిల్లవాడి పేరు ఇంగ్లీషు మీడియం బడి దరఖాస్తులోకి ఎక్కేటప్పుడు తల్లిదండ్రుల కలం ఆగే గడి ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. ఆంధ్రలో క్రైస్తవం పుచ్చుకున్న ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. దాంతో గుడిలో సువార్తరాజు బడి రిజిస్టరులో వేరే పేరుతో ఉండటం, మతం గడిలో హిందూ అని పడటం డెల్టాలో రహస్యమేమీ కాదు. అబద్ధమాడకూడదని ఆదివారం నేర్పి, సోమవారం ఫారం నింపాల్సి రావడం తల్లిదండ్రులకు సరదా కాదు. ఆ చిక్కుముడి వేసింది చట్టం. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన దీని మీద కమిషన్ వేసింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది.