పాత జావా, ఆరు ఓల్టుల బ్యాటరీ – నా అనుభవాలు

1978లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగంలో చేరిన మరుసటి సంవత్సరం నేనొక పాత జావా మోటారు సైకిలు కొన్నాను. మైసూరు ఫ్యాక్టరీలో 1961 నుండి తయారైన ఆ బండ్లు మన సోదరులలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. రెండు సైలెన్సర్లు, కిక్కుకూ గేర్లకూ ఒకే రాడ్డు, ఆరు ఓల్టుల బ్యాటరీ. ఆ చిన్న బ్యాటరీ నాకు నేర్పిన పాఠం మన సభ్యులకు ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సీసం, గంధకామ్లంతో పనిచేసే ఈ బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. 1881లో కమీల్ ఫోర్ సీసపు పలకలకు సీసపు ఆక్సైడు ముద్దను పూసి దాని శక్తిని పెంచాడు. మేము వాడిన రోజుల్లో పెట్టె నల్లటి గట్టి రబ్బరుతో, పైన తారు పూతతో ఉండేది. తరువాత ప్లాస్టిక్ పెట్టెలు, ఆ తరువాత నీళ్ళు పోయనక్కరలేని సీల్డు రకాలు వచ్చాయి. మన తిరుపతి దగ్గర 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ ఆ సీల్డు రకంతోనే పేరు తెచ్చుకుంది. పెట్టె మారినా లోపలి సూత్రం మాత్రం ప్లాంటే నాటిదే. ఒక్కో సెల్‌కు రెండు ఓల్టులు; మూడు సెల్స్ అయితే ఆరు, ఆరు సెల్స్ అయితే పన్నెండు.

1985 మార్చిలో అసెంబ్లీ ఎన్నికల పనుల మీద నెల రోజులు ఆఫీసు జీపులో తిరిగాను. జావా వసారాలో అలాగే ఉండిపోయింది. తరువాత చూస్తే బ్యాటరీలో మట్టం తగ్గి ఉంది. ఊళ్ళో ఒక దుకాణంలో ఇస్తే కుర్రవాడు ఆసిడ్ పోసి, హైడ్రోమీటరు పెట్టి, “ఛార్జి బాగానే ఉంది సార్” అన్నాడు. నేనూ నమ్మాను.

ఆ వారంలోనే ఒక రాత్రి మా అమ్మకు ఆయాసం ఎక్కువైంది. వెనక కూర్చోబెట్టుకుని కాలవ గట్టు మీద రేపల్లెకు బయలుదేరాను. గతుకుల దారి కావడంతో బండి నెమ్మదిగా పోనిచ్చాను. ఆ వేగంలో డైనమో ఛార్జి చేయదు. దీపం, ఇంజను రెండూ బ్యాటరీ మీదే ఆధారపడతాయి. వెలుతురు పసుపు తిరిగి, ఎర్రబడి, ఆరిపోయింది. కాసేపటికి ఇంజనూ ఆగింది. పక్కన నిండు కాలవ, వెనక ఎగపోస్తున్న తల్లి. దైవికంగా వడ్ల బస్తాలతో వస్తున్న ఎడ్లబండి ఆయన అమ్మను బస్తాల మీద పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాడు. అమ్మ ఆ తరువాత పదకొండేళ్ళు బ్రతికింది.

మర్నాడు బండి చూసిన వృద్ధ మెకానిక్‌ను మేమంతా బాబాయి అని పిలిచేవాళ్ళం. ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: “ఆవిరయ్యేది నీళ్ళు బాబూ, ఆసిడ్ ఎక్కడికి పోద్ది?” మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఆసిడ్ పోస్తే ద్రవం చిక్కబడి, ఛార్జి లేకున్నా హైడ్రోమీటరు ఎక్కువ చూపిస్తుంది, పలకలు తినివేయబడతాయి. నెలరోజులు ఊరికే ఉంచడం వల్ల పలకలపై తెల్లటి పొర అప్పటికే గట్టిపడిందట. బండి తిరిగి చెడలేదు, నిలబడి చెడింది.

ఆనాటి నుండి నేను పాటిస్తున్నవి మనవి చేస్తాను. కొనేటప్పుడు ముందు ఓల్టులు చూడాలి. ఆరు ఓల్టుల బండిలో పన్నెండు ఓల్టుల బ్యాటరీ పెడితే బల్బులు, కాయిలు మాడిపోతాయి. మార్చదలిస్తే అవన్నీ, డైనమో ఏర్పాటుతో సహా మార్చాలి. తరువాత ఆంపియర్ అవర్లు, పెట్టె కొలతలు, టెర్మినళ్ళు ఏ వైపున్నదీ, తయారీ తేదీ చూసుకోవాలి. సీల్డు రకం సుఖమే గాని, పాత రెగ్యులేటరు అదుపు తప్పి ఎక్కువ ఛార్జి చేస్తే లోపలి తడి ఎండిపోతుంది, తిరిగి నీళ్ళు పోసే వీలుండదు. కనుక ముందు రెగ్యులేటరు పరీక్ష చేయించాలి. ఛార్జింగు సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా జరగాలి. మా పద్నాలుగు ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 1.4 ఆంపియర్లు చాలు. నీళ్ళు పోసే రకానికి హైడ్రోమీటరు 1250 పైన ఉంటే నిశ్చింత, 1200కు దిగితే వెంటనే ఛార్జింగుకు పంపాలి. టెర్మినళ్ళకు వాసెలిన్ పూయాలి. ఫ్రేముకు కలిపిన వైరు విప్పేటప్పుడు ముందు, బిగించేటప్పుడు చివర. కొన్ని పాత బండ్లలో ప్లస్ వైరే ఫ్రేముకు ఉంటుంది, చూసి మరీ బిగించాలి. పాత బ్యాటరీని చెత్తలో వేయక దుకాణంలోనే తిరిగి ఇవ్వాలి, సీసం విషం. 2001 నుండి నిబంధన కూడా అదే.

నేను 2013లో పదవీ విరమణ చేశాను. 2018లో జావా పేరుతో కొత్త బండ్లు వచ్చినప్పుడు మా అబ్బాయి పాతది అమ్మేయమన్నాడు. అమ్మలేదు. మన ఇళ్ళలో పాత బండ్లు వసారాల్లో నెలల తరబడి కదలకుండా ఉంటున్నాయి. వాటి బ్యాటరీ వైరు విప్పి ఉంచి, నెలకొకసారి ఛార్జి చేయిస్తే చాలు. తేదీ గుర్తుండడానికి నేనొక సులువు పెట్టుకున్నాను. పింఛను పడే ఒకటో తారీఖున బ్యాంకు నుండి రాగానే బ్యాటరీ మూత తీసి చూస్తాను. సోదరులూ అలా చేయగలరని కోరుతున్నాను.